చదరంగంలో హాఫ్‌టైమ్

ఈదులకుంటపాలెం హైస్కూల్లో పిల్లలు తగ్గిపోతూ వచ్చి తొంభై ఒక్కరి దగ్గర ఆగారు. కబడ్డీకి ఏడుగుర్ని నిలబెడితే పరీక్ష రాయడానికి ఎవరూ మిగలట్లేదని లెక్కల టీచరు గోల పెట్టింది. దాంతో డ్రిల్లు మాస్టారు పేరయ్య నలుగురితో సరిపెట్టుకోగల ఆట ఏదుందా అని వెతికాడు. చదరంగం దొరికింది. ఎండలో నిలబడే పని లేదు, విజిల్ ఊదే పని లేదు, ఎవరి మోకాలూ చెక్కుకుపోదు. ఇన్నాళ్ళూ ఈ ఆట తనకెందుకు తోచలేదా అని ఆయన విచారించాడు కూడా.

పదో తరగతి సలోమి మూడు వారాల్లో ఆట నేర్చుకుని పేరయ్యను ఓడించింది. నాలుగో వారం హెడ్మాస్టరును ఓడించింది. ఐదో వారం నుంచి హెడ్మాస్టరు, చదరంగం వల్ల చదువులు పాడవుతాయని ప్రార్థన దగ్గర రోజూ చెప్పడం మొదలుపెట్టాడు. జట్టులో మిగతా ముగ్గురూ అంకె కోసం చేరినవాళ్ళు. గుర్రం ఎటు దూకాలన్నది గుర్రం ఇష్టానికే వదిలేసే రకం. వాళ్ళలో తొమ్మిదో తరగతి మస్తాన్‌బీ అయితే, తన రాజు చచ్చిపోయాక కూడా ఇంకో రెండెత్తులు వేసేది.

అయినా జట్టు మండలంలో నెగ్గింది. ఇంకో జట్టు రాలేదు. డివిజన్‌లోనూ నెగ్గింది. వచ్చిన ఆ ఒక్క జట్టూ భోజనాలయ్యాక బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది. ఇక మిగిలింది జిల్లా. అక్కడ ఎనిమిది జట్లు, మూడు రౌండ్లు. ఒక్కో పోటీకి నాలుగు బల్లలు, ఎక్కువ బల్లల మీద గెలిచిన జట్టు ముందుకి, ఓడిన జట్టు ఇంటికి. ఆఖరున నెగ్గిన జట్టులో, స్వయంగా రెండాటలైనా గెలిచిన పిల్లల్ని మాత్రమే స్టేట్‌కు పంపుతారు.

స్టేట్ ఆడినట్టు కాగితం ఉంటే సలోమికి పట్నంలో క్రీడా హాస్టల్లో ఇంటర్ సీటు వస్తుంది. లేకపోతే ఏప్రిల్ నుంచి వాళ్ళమ్మ పక్కన మిర్చి షెడ్డులో కూర్చుని తొడిమలు తీయాలి. సలోమి వేళ్ళు చురుకని వాళ్ళమ్మ షెడ్డు మేస్త్రికి అప్పుడే చెప్పి పెట్టింది కూడా.

"సార్, స్టేట్‌కు పోతే షెడ్డుకు పోబళ్ళేదు గదా?" అని జిల్లాకు వెళ్ళే బస్సులో మూడుసార్లడిగింది సలోమి.

"పోబళ్ళేదమ్మా. నువ్వు నీ ఆట నువ్వాడు. అంతే," అన్నాడు పేరయ్య.

ఆయనకు అప్పటికింకా నిబంధన తొమ్మిది సంగతి తెలీదు.

*

జిల్లా పాఠశాలల క్రీడా సమన్వయాధికారి విరూపాక్షరావు గారు ఒకప్పుడు కబడ్డీలో పేరు మోసిన మనిషి. ఇప్పటికీ సంతోషం కలిగితే తొడ చరుస్తారు. ఆటకో రూలు పుస్తకం ఉండటం ఆయనకు సుతరామూ నచ్చేది కాదు. ఒక జిల్లా, ఒక అధికారి ఉన్నప్పుడు రూళ్ళు మాత్రం పదహారు రకాలు ఎందుకుండాలి? అందుకని ఆ ఏడు అన్ని ఆటలకూ కలిపి "సమగ్ర ఉమ్మడి క్రీడా నిబంధనావళి" అని ఒకే పుస్తకం వేయించారు. అందులో తొమ్మిదో నిబంధనకు మాత్రం చదరంగమే కారణం. కిందటేడు ఎవరో తండ్రి, తన కొడుకు కూర్చున్న వైపు ఫ్యాను గాలి తగల్లేదని, అందువల్లే ఓడిపోయాడని అర్జీ పెట్టుకున్నాడు. విరూపాక్షరావు గారు అర్జీ మీద మూడు నెలలు ఆలోచించి, కబడ్డీలో ఈ సమస్య ఏనాడో పరిష్కారమైందని గుర్తించారు.

మొదటి రౌండు మొదలైన ఇరవై నిమిషాలకు హాల్లో విజిల్ మోగింది.

సలోమి బల్ల మీద అవతలి కుర్రాడికి రాజూ, ఒక బంటూ మిగిలాయి. సలోమికి మంత్రి ఉంది, రెండేనుగులున్నాయి, చుట్టూ సైన్యముంది. ఇంకో రెండెత్తుల్లో ఆటకట్టు.

"హాఫ్‌టైమ్! కోర్టు మారాలి, కోర్టు మారాలి!" అని అరిచాడు అంపైరు. ఆయన ఖోఖో మనిషి.

సలోమి లేచి అవతలి కుర్చీలో కూర్చుని, బోర్డును రెండు చేతులతో పట్టుకుని తన బలం తనవైపు వచ్చేట్టు తిప్పబోయింది.

"ఏయ్ అమ్మాయ్! కోర్టును తిప్పుతున్నావేంది?"

"మారమన్నారు గదా సార్."

"మారాల్సింది మీరు. కోర్టు కాదు. కబడ్డీలో నేలను తిప్పుతామా?"

పేరయ్య పరుగున వచ్చాడు. అంపైరుకు చెప్పి ప్రయోజనం లేదని నేరుగా విరూపాక్షరావు గారి దగ్గరికే పోయి చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, బోర్డు తిప్పకుండా మనుషులు మారితే ఈ పిల్ల బలగమంతా ఆ కుర్రాడిదైపోద్ది. వాడి ఒంటరి రాజు ఈ పిల్ల నెత్తిన పడతాడు."

విరూపాక్షరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "పేరయ్య గారూ, నిబంధన తొమ్మిది యొక్క ఆశయాన్ని తమరు హృదయపూర్వకంగా గ్రహించాలి. ఎండ, గాలి, వెలుతురు, ఫ్యాను, బలం, బలహీనత. ఇవన్నీ ఉభయ పక్షాలకూ సమానంగా అందాలన్నదే మన ధ్యేయం. బలహీనతను సైతం సమానంగా పంచుతున్న జిల్లా రాష్ట్రంలో మరొకటి లేదని సవినయంగా మనవి చేస్తున్నాను."

అవతలి కుర్రాడు సలోమి మంత్రిని సలోమి రాజు మీదికే నడిపించాడు. రెండెత్తుల్లో ఆట అయిపోయింది.

కానీ మిగతా మూడు బల్లల మీద జరిగింది వేరు. ఇరవై నిమిషాల్లో మస్తాన్‌బీ వాళ్ళు ముగ్గురూ ఉన్నదంతా ఊడ్చి అవతలివాళ్ళకు సమర్పించుకున్నారు. విజిల్ మోగగానే ఆ సమర్పించుకున్నదంతా తిరిగి వాళ్ళ చేతికే వచ్చింది. అంత సైన్యాన్ని పెట్టుకుని ఓడిపోవడం వాళ్ళకు కూడా చేతకాలేదు. ఈదులకుంటపాలెం మూడు ఒకటి తేడాతో నెగ్గింది.

"నేను గెలిచా గదా సార్?" అంది సలోమి.

"గెలిచావమ్మా. గెలిచావు కాబట్టే ఓడిపోయావు."

ఇక మిగిలినవి రెండాటలు. రెండూ గెలవాలి. ఒక్కటి పోయినా జట్టుకు కప్పు వస్తుంది, సలోమికి షెడ్డు వస్తుంది.

*

మధ్యాహ్నం సాంబారన్నం తింటూ పేరయ్య తలకిందులుగా ఆలోచించడం మొదలుపెట్టాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చివరికి ముద్ద మింగి, "అమ్మా, నువ్వు మొదటి సగం ఓడిపోవడం నేర్చుకోవాలి," అన్నాడు.

"అదెట్టా సార్? నాకు రాదే."

పేరయ్యకు కూడా ఎలా నేర్పాలో తెలీలేదు. "మస్తాన్‌బీని అడుగు," అన్నాడు.

మస్తాన్‌బీ చెయ్యి కడుక్కొచ్చి గురువులా బాసింపట్టు వేసుకుంది. "ఏం లేదక్కా. నువ్వు ఆలోచించమాక. ఆలోచిస్తే గెలుస్తావు. చెయ్యి ఎటు పోతే అటు పోనీ. మంచి ఎత్తు కనపడిందనుకో, కళ్ళు మూసుకో."

రెండో రౌండు మొదలయ్యేసరికి ఈ విద్య వీళ్ళొక్కరికే అబ్బలేదని తేలింది. మిగతా మూడు జట్లూ అదే సాంబారన్నం తింటూ అదే ఆలోచించాయి. హాలంతా దానధర్మాలతో నిండిపోయింది.

"నా ఏనుగును చంపు."

"నాకొద్దు. నువ్వే నా గుర్రాన్ని చంపు."

"ముందు నేనడిగాను."

"అయితే మంత్రిని తీస్కో పో. ఉత్తినే ఇస్తన్నా."

"ఒరే, ముట్టుకోమాకరా! ఆ మంత్రిని ముట్టుకున్నావంటే ఇంటికి రానీను!" అని వెనకనుంచి ఒక కోచ్ గుండెలు బాదుకుంటున్నాడు.

ఒక బల్ల మీద మరీ తొందరపడ్డ పిల్లవాడొకడు మూడో నిమిషానికే తన రాజును ఆటకట్టు చేయించుకుని, చేతులు కట్టుకుని హాఫ్‌టైమ్ కోసం ఎదురుచూడసాగాడు. అంపైరుకు ఏం చేయాలో పాలుపోలేదు. ఆట అయిపోయింది, టైము అయిపోలేదు. పుస్తకం పట్టుకుని విరూపాక్షరావు గారి దగ్గరికి పోయాడు.

విరూపాక్షరావు గారు పేజీ కూడా తిప్పలేదు. "కబడ్డీలో జట్టు మొత్తం ఔటైతే ఏం చేస్తాం? ప్రత్యర్థికి లోనా కింద రెండు పాయింట్లిచ్చి, చచ్చినవాళ్ళందర్నీ లేపి, ఆట కొనసాగిస్తాం. ఇక్కడా అంతే. ఆటకట్టు చేసినవారికి లోనా. చచ్చిన బలగమంతా లేచి తమ తమ స్థానాల్లోకి వెళ్ళవలెను. పూర్తి సమయం ముగిసేసరికి పాయింట్లు ఎవరికెక్కువుంటే వారే విజేత." అని తొడ చరిచారు.

చరిచాక హాలంతా కలియజూశారు. పిల్లలు ఒకరికొకరు ఇంతలా వస్తువులిచ్చుకోవడం ఆయనకు ముందు ముచ్చటేసింది. తర్వాత అనుమానమేసింది. పది నిమిషాల్లో ఒక ఉత్తర్వు తయారైంది. మైకులో స్వయంగా చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కొందరు క్రీడాకారులు ఉద్దేశపూర్వకముగా ఓడిపోవుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇది క్రీడాస్ఫూర్తికి విరుద్ధము. ఓడిపోవువారు చిత్తశుద్ధితో ఓడిపోవలెను. దీనిని పర్యవేక్షించుటకై ప్రతి బల్లకూ ఒక స్ఫూర్తి పరిశీలకుణ్ణి నియమించడమైనది."

పరిశీలకులకు చదరంగం రాదు. వాళ్ళు డ్రాయింగు మాస్టర్లు, కుట్టు టీచర్లు. వాళ్ళ పనల్లా పిల్లల మొహాలు చూడటం. బలగం పోతున్నప్పుడు మొహంలో దిగులు కనిపించాలి. నవ్వు కనిపిస్తే ఒక హెచ్చరిక, రెండోసారి నవ్వితే బయటికి. మస్తాన్‌బీకి మొదటి ఏనుగు దగ్గరే హెచ్చరిక పడింది. అప్పట్నుంచి ప్రతి బంటుకూ కొంగు లేకపోయినా కొంగు నోట్లో కుక్కుకున్నట్టు ఏడ్చింది. ఆమె వెనకాల కుట్టు టీచరు కూడా కళ్ళు తుడుచుకుంది.

సలోమి ఎదురుగా కూర్చున్న కుర్రాడు గట్టివాడు. ఏమిచ్చినా తీసుకోడు. మంత్రిని తెచ్చి ముందు పెట్టినా, చూడనట్టు పక్కనున్న బంటును జరుపుతాడు. ఆరు నిమిషాలు పోయాయి. పేరయ్య తలుపు దగ్గర గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

అప్పుడు సలోమి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. ఆలోచించొద్దని మస్తాన్‌బీ చెప్పింది గానీ, ఆ పిల్లకు అది చేతకాలేదు. మంత్రిని తీసుకెళ్ళి కుర్రాడి రాజు పక్కనే నిలబెట్టి, "చెక్," అంది.

రాజు పారిపోవడానికి గడి లేదు. అడ్డం పెట్టడానికి మనిషి లేడు. మంత్రిని చంపడమొక్కటే దారి. కుర్రాడు విషం తాగుతున్నట్టు మొహం పెట్టి చంపాడు.

ఏనుగు వెళ్ళింది. "చెక్." చంపక తప్పలేదు. ఒంటె వెళ్ళింది. "చెక్." మళ్ళీ చంపాడు. రాజు చేత్తోనే ఒక్కొక్కర్నీ చంపించుకుంటూ పోయింది. తనకిష్టమైన గుర్రం పోయేటప్పుడు మాత్రం సలోమికి నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. వెనకనున్న డ్రాయింగు మాస్టారు కాగితం మీద "స్ఫూర్తి: అత్యుత్తమం" అని రాసి కింద గీత గీశాడు.

విజిల్ మోగింది. కోర్టు మారారు. తన సైన్యం లేని రాజును కుర్రాడికి వదిలేసి, వాడి నిండు సైన్యంతో సలోమి నాలుగెత్తుల్లో ఆటకట్టు చేసింది. లోనా కింద రెండు పాయింట్లు. మిగతా టైమంతా ఆ రెండు పాయింట్లనూ కాపాడుకుంది. జట్టూ ఫైనల్‌కొచ్చింది. సలోమికి ఒకటి ఓటమి, ఒకటి గెలుపు.

*

మర్నాడు పొద్దున ఫైనల్. అవతల టై కట్టుకున్న ప్రైవేటు స్కూలు జట్టు. వాళ్ళ కోచ్ కంప్యూటరు తెచ్చుకున్నాడు. అది మంచి ఎత్తులు మాత్రమే చెబుతుంది కాబట్టి, ప్రతిదానికీ వ్యతిరేకం చేయాలని పిల్లలకు తర్ఫీదిచ్చాడు. నలుగురి మొహాలూ ముందే దిగులుగా పెట్టించి తీసుకొచ్చాడు. ఆ దిగులు చూసి పేరయ్య సలోమిని పక్కకు లాక్కెళ్ళాడు.

"అమ్మా, నిన్నటి లాగానే. చెక్ చెప్పు, చంపించుకో."

"వద్దు సార్. ఈసారి గెలుస్తా."

"నీకేమన్నా పిచ్చా? నిన్న పొద్దున గెలిచి ఏమైంది?"

"నిన్న పొద్దున లోనా లేదు గదా సార్," అంది సలోమి నెమ్మదిగా. "ఇప్పుడు ఆటకట్టు చేస్తే రెండు పాయింట్లు వస్తయ్యి. బోర్డు మళ్ళీ కొత్తదైపోద్ది. కొత్త బోర్డు దగ్గర అటు కూచున్నా ఒకటే, ఇటు కూచున్నా ఒకటే. విజిల్ మోగే టైముకి బోర్డు కొత్తగా ఉంటే చాలు."

ఇంత పెద్ద పుస్తకం రాసినవాళ్ళకు తోచని సంగతి ఈ పిల్లకు తోచింది. పేరయ్యకు భయమేసింది కూడా. లెక్క ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే గెలిచిందంతా పోతుంది. ఏప్రిల్ ఎంతో దూరంలో లేదు.

ఆట మొదలైంది. టై కుర్రాడు వచ్చీ రాగానే రాజు ముందున్న బంట్లన్నీ తోసేసి, ఉన్న మంత్రిని వదిలించుకోవడానికి దారి వెతకసాగాడు. సలోమి ఆ మంత్రి జోలికి పోలేదు. తలుపులు తెరిచిన ఇంట్లోకి నడిచినట్టు నడిచి, ఐదో ఎత్తుకు "ఆటకట్టు," అంది.

"లోనా!" అని అరిచాడు అంపైరు. బలగం లేచి నిలబడింది. కుర్రాడు మళ్ళీ బంట్లు తోశాడు. మళ్ళీ లోనా. మూడోసారికి కుర్రాడు కంగారుపడి కోచ్ వైపు చూశాడు. కోచ్ కంప్యూటర్ వైపు చూశాడు. నాలుగు, ఐదు, ఆరు. మనసు మార్చుకుని నిజంగా ఆడదామని చూశాడు గానీ, ఓడిపోవడానికి తర్ఫీదైన చెయ్యి మాట వినలేదు.

ఎనిమిది లోనాలయ్యాక కోచ్ బల్లల మధ్య నుంచి దూసుకొచ్చాడు. "అభ్యంతరం! ఆ అమ్మాయి ఉద్దేశపూర్వకంగా గెలుస్తోంది సార్! అందరికీ కనపడుతోంది!"

విరూపాక్షరావు గారు పుస్తకం తెప్పించుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివారు. పేరయ్య ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు. సలోమి మాత్రం గోడ గడియారం చూస్తోంది. ఆటకట్టు ఎత్తు చేతికందేంత దూరంలో ఉంది. వేయలేదు. నిమిషం ఉంది. ముప్పావు నిమిషం.

"గెలవకూడదని నిబంధనావళిలో ఎక్కడా స్పష్టంగా పేర్కొనలేదు," అన్నారు విరూపాక్షరావు గారు చివరికి, కాస్త నొచ్చుకుంటూ. "ఇది మా దృష్టికి రాని లోపం. వచ్చే ఏడాది పరిశీలిస్తాం. ప్రస్తుతానికి గెలవవచ్చు."

సలోమి ఏనుగును జరిపింది. తొమ్మిదో లోనా. అంపైరు ఆఖరి బంటును దాని గడిలో నిలబెడుతుండగా విజిల్ మోగింది. కోర్టు మారారు. రెండువైపులా బలగం పదహారుకు పదహారు. కొత్త బోర్డు.

రెండో సగంలో ఇంకో నాలుగు. ఇరవై ఆరు, సున్నా. పక్క బల్లల మీద తర్ఫీదు తీసుకున్న ఓటమి, మస్తాన్‌బీ వాళ్ళ పుట్టుకతో వచ్చిన ఓటమి ముందు నిలబడలేకపోయింది. జట్టూ నెగ్గింది, సలోమికి రెండో గెలుపూ వచ్చింది. పేరయ్య బెంచీ మీద కూలబడి, మెళ్ళోని విజిల్‌ను ఎందుకో ముద్దుపెట్టుకున్నాడు.

*

సర్టిఫికెట్ల గదిలో కంప్యూటరు దగ్గర కూర్చున్నాయన తల గోక్కున్నాడు. "సార్, చదరంగం గడిలో ఒకటి, అర, సున్నా తప్ప ఇంకేం పట్టట్లేదు. ఇరవై ఆరు కొడితే ఎర్రగా అవుతోంది."

"లోనాలు పదమూడని వేయండి," అన్నారు విరూపాక్షరావు గారు.

"చదరంగంలో లోనాల గడి లేదు సార్."

"ఎందులో ఉంది?"

"కబడ్డీలో ఉంది సార్."

విరూపాక్షరావు గారు తలూపారు. తర్వాత ప్రింటరు కదిలింది. కాగితం మీద సలోమి పేరు, ఊరు, పుట్టినతేదీ అన్నీ తప్పుల్లేకుండా వచ్చాయి. ఆట దగ్గర మాత్రం కబడ్డీ అని వచ్చింది.

పేరయ్య కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. "అయ్యా, ఇది తప్పండీ."

"తప్పులను సరిదిద్దే కమిటీ వేసవి సెలవుల అనంతరం సమావేశమవుతుంది. సమావేశమై తప్పని తేల్చేవరకు అది తప్పు కాదు."

"స్టేట్ పోటీలు పది రోజుల్లో ఉన్నాయి గదండీ!"

"కాబట్టి శుభాకాంక్షలు," అని విరూపాక్షరావు గారు లేచి సలోమి చేతిని ఊపారు. "పదమూడు లోనాలు! నా జీవితంలో నాలుగు మించి చేయలేదమ్మా. జిల్లా కబడ్డీ జట్టుకు నీలాంటి రైడరే కావాలి."

ఈ వార్త విని సలోమి వాళ్ళమ్మ మిరపకాయ ఘాటుకు తుమ్ముతూనే అడిగింది. "కబడ్డీయా? ముప్పై ఆరు కిలోలుంది సార్ ఇది! గట్టిగా పట్టుకుంటే చేతిలోకొచ్చుద్ది!"

"మైదానంలో దిగి ఆడితేనే స్టేటోళ్ళు సంతకం పెడతారమ్మా. సంతకముంటే హాస్టలు సీటు. ఏ ఆట అని హాస్టలు వాళ్ళు అడగరు," అన్నాడు పేరయ్య.

వాళ్ళమ్మ కూతురి వేళ్ళు చూసింది, షెడ్డు వైపు చూసింది. "అయితే పట్టుకోకుండా చూడండి," అంది.

మర్నాడు పొద్దున పేరయ్య బడి మైదానంలో ముగ్గుతో గీతలు గీశాడు. లెక్కల టీచరు గోల పెడుతున్నా వినకుండా బడిలో బలమైన ఏడుగురు ఆడపిల్లల్ని తెచ్చి అవతల నిలబెట్టాడు. వాళ్ళు చేయీ చేయీ పట్టుకుని, పాదాలు నేలకేసి రాస్తూ ఎదురుచూస్తున్నారు. సలోమి నడిగీత దగ్గర నిలబడి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. ఒక నిమిషమైంది. రెండు నిమిషాలైంది.

"పోమ్మా, కూత పెట్టు," అన్నాడు పేరయ్య.

"ఉండండి సార్. వీళ్ళలో రాజెవరు?"

పేరయ్య ఇరవై రెండేళ్ళుగా కబడ్డీ నేర్పుతున్నాడు. ఈ ప్రశ్న ఆయన్నెవరూ అడగలేదు. ఏడుగుర్నీ ఒక్కొక్కర్నే చూశాడు. "రాజు లేడమ్మా ఈ ఆటలో. అందరూ బంట్లే."

సలోమి మొహం విప్పారింది. "రాజే లేకపోతే నాకు ఆటకట్టెట్టా చేస్తారు సార్?" అని కూత పెట్టి గీత దాటింది.